మా కాలనీ రోడ్డు అసలు ఎవరిది? ఎవరి డబ్బుతో వేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి

ప్లాట్_నం_47
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది తెలంగాణలో ఒక చిన్న పట్నం, 2018లో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు చేశారు కదా, అందులో ఒకటి. అంతకుముందు గ్రామ పంచాయతీ. మా లేఅవుట్ 2007 నాటిది, బ్రోచర్‌లో 30 అడుగుల రోడ్లు, రెండు వైపులా చెట్లు అని బొమ్మలు వేసి అమ్మారు. ఇప్పుడు దాదాపు 200 ఇళ్ళు లేచాయి, రోడ్లు మాత్రం అప్పటి మట్టే. వానాకాలం వస్తే స్కూల్ ఆటో లోపలికి రాదు, పిల్లల్ని మెయిన్ రోడ్డు దాకా ఎత్తుకెళ్ళి దించుతున్నాం. పోయిన ఏడు మా వీధిలో ఒక పెద్దాయనకు గుండె నొప్పి వస్తే అంబులెన్స్ మలుపు దగ్గరే ఆగిపోయింది, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్ళాం. దేవుడి దయ వల్ల బతికారు.

ఇంటి పన్ను ఏటా కడుతున్నాం. ఆఫీసుకు వెళ్ళి అడిగితే "మీది అనుమతి లేని లేఅవుట్, రోడ్లు మా పేరున లేవు" అంటారు. కాలనీ ముందున్న పెద్ద రోడ్డు ఆర్ అండ్ బి, అంటే రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ వాళ్ళది. దాని పక్కన కాలువ లేక నీళ్ళన్నీ మా మీదికి వస్తున్నాయి. వాళ్ళను అడిగితే ఊరి హద్దులో కాలువ మున్సిపాలిటీ పని అంటారు. ఇప్పుడు కాలనీలో కొందరు ఇంటికి 15 వేలు వేసుకుని మనమే వేయించుకుందాం అంటున్నారు, కొందరు వద్దంటున్నారు, సంఘం రెండుగా చీలిపోయేలా ఉంది. ఏం చేయమంటారు?

మొరం_రోడ్డు
చందాలు వేసుకోవద్దు అన్నా. మేం వేసుకున్నాం. ఇంటికి 12 వేలు, మొరం పోయించి రోలర్ తిప్పించాం, ఎంతో సంతోషపడ్డాం. ఆరు నెలలు కాకుండానే మంచినీళ్ళ పైపులైన్ వాళ్ళు వచ్చి నడిమధ్యలో తవ్వి, మట్టి అలాగే కప్పి పోయారు. ఎవర్ని అడగాలి? రోడ్డు మున్సిపాలిటీ వేసింది కాదు కాబట్టి వాళ్ళ రికార్డులో లేదు, రికార్డులో లేని రోడ్డుకు తవ్వినందుకు నష్టం కట్టించేవాడు ఎవడూ లేడు. మా డబ్బులు మట్టిలో కలిశాయి.

రిటైర్డ్_ఏఈ
47 గారూ, ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను కాబట్టి తెలిసింది చెబుతాను. మీరు డబ్బు ఎవరిది అని అడుగుతున్నారు, దానికంటే ముందు రోడ్డు ఎవరిది అన్నది కాగితం మీద తేలాలి. ఒకే పట్నంలో పక్కపక్కనే నాలుగు రకాల రోడ్లు ఉంటాయి. జాతీయ రహదారి కేంద్రానిది. జిల్లా రోడ్లు, రాష్ట్ర రహదారులు ఆర్ అండ్ బి వి, అవి ఊరి మధ్యలోంచి పోయినా సరే వాళ్ళవే. ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్ళు వేసిన లింకు రోడ్లు కొన్ని, ఊరు పట్నమై ఏళ్ళు గడిచినా కాగితాల మీద ఇంకా వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి, అప్పగింత జరగదు. మిగతా వీధులు మున్సిపాలిటీవి. ఈ నాలుగింటికీ డబ్బు వచ్చే దారి వేరు, ఎస్టిమేట్ వేసే ఇంజినీరు వేరు, సంతకం పెట్టే అధికారి వేరు. గుంత పడితే జనానికి కనపడేది మాత్రం వార్డు కౌన్సిలర్ ఒక్కడే.

ఇక మీ కాలనీ ఐదో రకం, ఎవరిదీ కానిది. లేఅవుట్ వేసినవాడు రోడ్లను, 10 శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థ పేరున గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం రాసి రిజిస్ట్రేషన్ చేయించి ఇవ్వాలి. అనుమతి ఉన్న లేఅవుట్లలో ఇప్పుడు 15 శాతం ప్లాట్లు తాకట్టు కింద ఉంచుతారు, రోడ్లు, కాలువలు, కరెంటు పూర్తయ్యాకే విడుదల చేస్తారు. మీ 2007 లేఅవుట్‌లో ఇవేవీ జరిగి ఉండవు. గిఫ్ట్ డీడ్ లేకపోతే ఆ రోడ్డు నేల రికార్డుల్లో ఇంకా పాత పట్టాదారు పేరు మీదే ఉంటుంది. అలాంటి నేల మీద ప్రజల డబ్బు పెడితే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు) భయపడతారు, ఆ భయంలో అబద్ధం లేదు. కానీ దాన్నే సాకుగా పెట్టుకుని పదేళ్ళు తిప్పడం మాత్రం తప్పు.

ఒక ప్రశ్న, మీ కాలనీలో ఎంతమంది ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం ఫీజు కట్టారు?

ప్లాట్_నం_47
సార్, 2020లో చాలామంది వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టారు. తర్వాత ఏళ్ళ తరబడి కదల్లేదు. 2025లో 25 శాతం తగ్గింపు ఇచ్చినప్పుడు సగానికి పైగా పూర్తి ఫీజు కట్టేశాం. నేను ఒక్కణ్ణే 60 వేల పైచిలుకు కట్టాను. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం అని అదనంగా వేశారు.

రిటైర్డ్_ఏఈ
అదీ, అక్కడ పట్టుకోండి. రాష్ట్రమంతా సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చిన పథకం అది. ఆ సొమ్మును విడిగా ఖాతాలో పెట్టి, ఆ ప్రాంతంలో సౌకర్యాలకే ఖర్చు చేయాలని 2020 ఉత్తర్వులోనే రాసి ఉంది. మీ లేఅవుట్ సర్వే నంబర్ల నుంచి ఎంత వసూలైంది, ఏ ఖాతాలో ఉంది, ఎంత ఖర్చయింది, దేనికి? ఈ నాలుగు ప్రశ్నలు సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఒకే దరఖాస్తులో మీ కాలనీ వీధుల పేర్లు మున్సిపాలిటీ రోడ్ల రిజిస్టర్‌లో ఉన్నాయా, ఉంటే ఆ పేజీ నకలు ఇవ్వండి అని కూడా అడగండి. చందాల గొడవ అప్పటిదాకా పక్కన పెట్టండి.

గోదారిగట్టు
మా ఆంధ్రా వైపు సంగతీ చెబుతా. మా దగ్గర 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టారు, ఆ పరిమితి దాకా పెరుగుతూనే వచ్చింది. సరే, పన్ను పెరిగితే రోడ్డు వస్తుందిలే అనుకున్నాం. పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి రోడ్ల అభివృద్ధి సెస్సు కూడా 2020లో వేశారు. అది రాష్ట్ర రోడ్ల కార్పొరేషన్‌కు పోతుంది, దాన్ని చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి రాష్ట్ర రోడ్లు వేస్తారు. మా వీధికి అందులో పైసా రాదు. 2024 నవంబరులో గుంతలు పూడ్చడానికి 861 కోట్లు ఇచ్చి సంక్రాంతికల్లా పూర్తి చేయాలన్నప్పుడు మా వీధిలో అందరూ ఆశపడ్డారు, అదీ ఆర్ అండ్ బి రోడ్లకే. మెయిన్ రోడ్డు నిజంగా బాగైంది, కాదనను. దాని మీంచి దిగి ఇంటికెళ్ళే అర కిలోమీటరు మాత్రం అలాగే ఉంది.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఇల్లో స్థలమో కొన్నప్పుడు స్టాంపులు, రిజిస్ట్రేషన్‌కు మనం కట్టే ఏడున్నర శాతంలో ఒకటిన్నర శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. అది స్థానిక సంస్థకు చెందాల్సిన సొమ్ము. తెలంగాణలోనూ అంతే. 40 లక్షల స్థలానికి 60 వేలు. పెరిగే ఊరికి అసలైన ఆదాయం ఇదే, ఎందుకంటే రోజూ రిజిస్ట్రేషన్లు జరుగుతుంటాయి. కానీ ముందు రాష్ట్ర ఖజానాకు చేరి, అక్కడి నుంచి ఎప్పుడో మున్సిపాలిటీకి వస్తుంది. మా కమిషనర్ గారు వార్డు సభలో స్వయంగా చెప్పారు, బడ్జెట్‌లో రాసుకుంటాం, చేతికొచ్చేది ఎప్పుడో మాకే తెలియదు అని. అలాంటప్పుడు ఆయన ధైర్యంగా టెండర్ ఎలా పిలుస్తాడు?

కంకర_లారీ
టెండర్ అన్నారు కాబట్టి మా బాధ కూడా వినండి. మా నాన్నగారు చిన్న సివిల్ కాంట్రాక్టరు, నేనూ అదే పనిలో ఉన్నాను. కాంట్రాక్టర్ అంటే తినేసేవాడని ముద్ర, కొందరు ఉన్నారు, లేరనను. కానీ పని పూర్తి చేసి, ఎం-బుక్‌లో, అంటే ఇంజినీర్ల కొలతల పుస్తకంలో రాయించుకుని, బిల్లు పెట్టాక అది ట్రెజరీలో రెండేళ్ళు ఉంటే మేం ఏం తినాలి? మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టిన డబ్బు. అందుకే మంచిగా పని చేసేవాళ్ళు మున్సిపల్ టెండర్లకు రావడం మానేశారు. మిగిలినవాళ్ళు పని దక్కితే చాలని ఎస్టిమేట్ కంటే 20 శాతం, 24 శాతం లెస్ వేస్తారు. అంత తగ్గించి వేసినవాడు సిమెంటులో తగ్గించకపోతే ఎక్కడ తగ్గిస్తాడు? ఏడాదికే రోడ్డు మీద కంకర తేలుతుంది. బిల్లు నెలలో వస్తుందన్న నమ్మకం ఉంటే అదే ఎస్టిమేట్‌కు గట్టి రోడ్డు వేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు, నా మాట నమ్మండి.

పొలాల_మధ్య_ఊరు
మాది హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దగ్గర పల్లె. 2024 సెప్టెంబరులో 51 పంచాయతీలను చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో కలిపారు, అందులో మాదీ ఉంది. పట్నం అవుతోంది, రేట్లు పెరుగుతాయని కొందరు మిఠాయిలు పంచారు. మా అమ్మ, ఆమె తోటివాళ్ళు మాత్రం ఆ రోజు ఏడ్చారు. ఎందుకంటే పల్లెలకే ఉండే ఉపాధి హామీ పని పోయింది. కూలి పోవడం ఒకటి, దాంతో పాటు రోడ్లూ పోయాయి, ఈ రెండో సంగతి ఎవరూ మాట్లాడరు. పల్లెల్లో మీరు చూసే సీసీ రోడ్లలో చాలా వాటికి డబ్బు ఉపాధి హామీ మెటీరియల్ వాటా నుంచి వచ్చిందే. కూలికి 60, సామగ్రికి 40 అన్న లెక్కలో ఆ 40 తోనే మా బజార్లన్నీ వేశారు. మున్సిపాలిటీలో కలిసిన రోజే ఆ దారి మూసుకుంది. దాని బదులు ఏం వస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఇదివరకు మోరీ పొంగితే సర్పంచ్ ఇంటి ముందు నిలబడేవాళ్ళం, ఆమె తప్పించుకోలేకపోయేది. ఇప్పుడు ఆఫీసు తొమ్మిది కిలోమీటర్ల దూరం, వెళ్తే సార్ మీటింగ్‌లో ఉన్నారంటారు. మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు 2025 జనవరితో ముగిశాక చాలా నెలలు అంతా స్పెషల్ ఆఫీసర్ల చేతిలోనే నడిచింది. మా వీధికి రోడ్డు కావాలా, జంక్షన్‌లో బొమ్మ కావాలా అని మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. మాకు బొమ్మ వచ్చింది.

పద్దుల_పుస్తకం
పై తమ్ముడు చెప్పిన దానికి ఒక లెక్క కలుపుతాను. కేంద్రం డబ్బు ఎవరికెంత పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా దేశంలోని స్థానిక సంస్థలన్నిటికీ 4,36,361 కోట్లు సిఫారసు చేసింది, అందులో పట్టణాలకు 1,21,055 కోట్లు. పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. కానీ మనలాంటి చిన్న పట్నాలకు వచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. మిగతా 40 శాతంలోంచి రోడ్లు, కాలువలు, లైట్లు, శ్మశానం, అన్నీ చూసుకోవాల్సి వచ్చింది. తెలంగాణ చట్టం ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు తీసి పెట్టాలి. జీతాలు, కరెంటు బిల్లు తప్పవు. ఇవన్నీ పోయాక మిగిలినదే రోడ్ల డబ్బు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం ఆ గ్రాంటు ఆపేస్తుంది. తెలంగాణ పంచాయతీలకు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా అదే జరిగింది, పంచాయతీ చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ పోయించలేని పరిస్థితి వచ్చింది.

రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో రోడ్లు, వంతెనలు మున్సిపాలిటీ పని అని నాలుగో అంశంగా రాశారు. ఆ షెడ్యూల్‌ను తెచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పని ఇచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, ఆ పనికి సరిపడా సొంత ఆదాయం మాత్రం ఇవ్వలేదు. ఏ రోడ్డు ముందు వేయాలన్నది ఎమ్మెల్యే గారి లెటర్, మంత్రి గారి ప్రత్యేక నిధులు తేలుస్తాయి. నిధి పైనుంచి వస్తే నిర్ణయం కూడా పైనుంచే వస్తుంది.

సెలీనా_నుంచి
నేను టెక్సాస్‌లో ఉంటాను, డల్లాస్‌కు ఉత్తరాన సెలీనా. మనవాళ్ళు ఫ్రిస్కో నిండిపోయాక ఇటు వస్తున్నారు. 2023 లెక్కల్లో 20 వేలు, అంతకు మించి జనాభా ఉన్న అమెరికా ఊళ్ళలో అన్నిటికంటే వేగంగా పెరిగింది ఇదే, ఒక్క ఏడాదిలో 26.6 శాతం. ఇక్కడ అంతా బాగుందని చెప్పడానికి రాలేదు, పొద్దున ఎనిమిదింటికి నా కారు కదలదు. ఊరి మధ్యలోంచి పోయే పెద్ద రోడ్లు చాలావరకు రాష్ట్రానివి, ఒకప్పుడు పొలాల నుంచి సంతకు వేసిన రెండు లైన్ల రోడ్లు, వాటిని వెడల్పు చేయాలంటే ఊరి కౌన్సిల్ చేతిలో ఏమీ లేదు. ఆ విషయంలో మీ ఆర్ అండ్ బి కథే.

తేడా ఒకచోట ఉంది. కాలనీ లోపలి రోడ్లు బిల్డరే కాంక్రీట్‌తో వేసి, ఊరు తనిఖీ చేశాక అప్పగిస్తాడు. అదీ కాక కొత్త ఇంటి మీద ఊరు ఇంపాక్ట్ ఫీజు తీసుకుంటుంది, అంటే కొత్త ఇళ్ళ వల్ల పెరిగే రోడ్లు, నీళ్ళ లాంటి అవసరాలకు ఫీజు. 1987 నుంచి దానికి చట్టం ఉంది. రోడ్ల కోసం తీసుకున్నది 6 మైళ్ళ లోపలే, ముందే ప్రకటించిన ప్రణాళికలో ఉన్న పనికే ఖర్చు పెట్టాలి, పదేళ్ళలో పెట్టకపోతే ఇంటి యజమాని వెనక్కి అడగొచ్చు. మీ ఎల్ఆర్ఎస్ సంగతి చదువుతుంటే నాకు అదే తట్టింది, వెనక్కి ఇవ్వాల్సిన గడువు అంటూ ఒకటి ఉంటే లెక్క దానంతట అదే బయటికొస్తుంది.

మొరం_రోడ్డు
అన్నా, ఇక్కడా బిల్డరే వేయాలని రూలు ఉంది కదా. పాటించనివాడిని ఎవరూ అడగరు. ప్లాట్లన్నీ అమ్మేసి ఫోన్ నంబర్ మార్చేస్తాడు, కొన్నవాడు ఎల్ఆర్ఎస్ పేరుతో అతని తప్పుకు జరిమానా కడతాడు. మా నాన్న పింఛను డబ్బుల్లోంచి కట్టాడు. నాకు అదే కడుపు మండుతుంది.

గడప_ఎత్తు
ఒక విషయం ఎవరూ అనలేదు, నేను చెబుతాను. రోడ్డు వస్తే చాలు అనుకోకండి అన్నయ్యలూ. మా అమ్మగారింటి ముందు మూడుసార్లు రోడ్డు వేశారు, ప్రతిసారీ పాతదాని మీదే. ఒకప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్తున్నాం. పోయిన వానకు అర్ధరాత్రి నీళ్ళు వంటింట్లోకి వచ్చాయి, బియ్యం డబ్బా తేలింది, అమ్మకు డెబ్భై రెండేళ్ళు, మంచం మీద కూర్చుని తెల్లవారేదాకా భయపడుతూ ఉంది. పాత రోడ్డు చెక్కి తీసి వేయండి అని వేసే రోజు బతిమాలాను, ఎస్టిమేట్‌లో లేదమ్మా అన్నారు. అడ్డం పడుకోవాల్సింది, నాకు అప్పుడు ధైర్యం చాల్లేదు. ఎస్టిమేట్ వేసేటప్పుడే వెళ్ళి లెవెల్ అడగండి, పని మొదలయ్యాక ఎవరూ వినరు.

రిటైర్డ్_ఏఈ
అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, ఆ తప్పు మా తరం ఇంజినీర్లదే. చెక్కి తీయడానికి ఖర్చు, ఆ మట్టి పారబోయడానికి ఖర్చు, అవి లేకుండా ఎస్టిమేట్ తక్కువ చూపిస్తే పని తొందరగా మంజూరవుతుందని అలా రాసేవాళ్ళం. నేనూ రాశాను.

47 గారికి ఇంకొన్ని మాటలు. వరస తప్పకూడదు. ముందు డ్రైనేజీ, తర్వాత నీళ్ళ పైపు, ఆ తర్వాతే సీసీ. పైపులైన్ ప్రతిపాదనలో ఉంటే అది పడేదాకా ఆగండి, ఇంటి కనెక్షన్లకు అడ్డంగా పైపులు ముందే వేయించండి. పని మొదలయ్యాక మీ కాలనీ వాళ్ళు ఇద్దరు రోజూ అక్కడ ఉండాలి. వంద మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, ఆరంగుళాల మందం అంటే దాదాపు 76 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. రెడీమిక్స్ లారీల చీటీలు దాచుకుని కూడుకుంటే మీకే తెలిసిపోతుంది. పోసిన మర్నాటి నుంచి నీళ్ళు కట్టి ఉంచాలి, కనీసం రెండు వారాలు. తర్వాత కోర్ కటింగ్, అంటే రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీయడం, చేయించమని రాతపూర్వకంగా అడగండి, ఆ ముక్క మందం మీ కళ్ళ ముందే కొలవాలి. కాంట్రాక్టరు బాధ్యత గడువు ఎప్పటిదాకా ఉందో ఒప్పందం నకలు తీసుకోండి, ఆ లోపల పగిలితే అతనే బాగు చేయాలి. ఎవరైనా తవ్వడానికి వస్తే, మున్సిపాలిటీకి పూడ్చివేత చార్జీలు కట్టిన రసీదు చూపించమనండి. లేకపోతే గడ్డపార దించనివ్వకండి.

కంకర_లారీ
సార్ చెప్పినట్టు నిలబడి చూసేవాళ్ళుంటే మాకూ మంచిదే. చూసేవాళ్ళుంటే 24 శాతం లెస్ వేసేవాడు ఆ వీధికి రాడు.

ప్లాట్_నం_47
ఆలస్యానికి క్షమించండి, సమాచార హక్కు జవాబు కోసం ఆగాను. 41 రోజులకు వచ్చింది, ఒకసారి గుర్తు చేయాల్సి వచ్చింది. మా ఆరు వీధుల్లో రెండు వాళ్ళ రోడ్ల రిజిస్టర్‌లో ఉన్నాయట! పంచాయతీ రోజుల్లో ఎవరో రాశారు. అంటే ఆ రెండింటికి "మీ రోడ్లు మావి కావు" అన్న మాట చెల్లదు. మా సర్వే నంబర్ల నుంచి వసూలైన ఎల్ఆర్ఎస్ మొత్తం ఇచ్చారు, ఖర్చు కాలమ్‌లో ఏమీ లేదు, ఖాళీ. ఖాతా వివరం అడిగినదానికి జవాబు రాయలేదు, దానికి అప్పీలు వేస్తున్నాను.

నిన్న రాత్రి గుడి దగ్గర మీటింగ్ పెట్టి అందరికీ చదివి వినిపించాను. 15 వేలు వేసుకుందాం అన్నవాళ్ళే ముందు లేచి, ఇప్పుడు వద్దు, ముందు మన డబ్బు సంగతి తేలుద్దాం అన్నారు. మిగతా నాలుగు వీధులకు పాత పట్టాదారు వారసులు ముగ్గురు ఉన్నారు, ఒకరు హైదరాబాద్‌లో, ఇద్దరు ఊళ్ళోనే. ఊళ్ళో ఉన్న ఇద్దరూ గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెడతామన్నారు. మూడో ఆయన్ని కలవడానికి ఆదివారం మేం ఐదుగురం వెళ్తున్నాం. సోమవారం, అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో, ఆ రెండు వీధులకు ఎస్టిమేట్ అడుగుతూ అర్జీ ఇస్తాం, లెవెల్ సంగతి అందులోనే రాశాం గడప_ఎత్తు అక్కా.

రిటైర్డ్_ఏఈ
అర్జీకి రసీదు తీసుకోండి, నంబరు ఇక్కడ పెట్టక్కర్లేదు. రిజిస్టర్ పేజీ నకలు మీద అధికారి సంతకం, ముద్ర ఉన్నాయా చూడండి. లేకపోతే మళ్ళీ వెళ్ళి వేయించుకోండి.

ప్లాట్_నం_47
ముద్ర ఉంది సార్, సంతకం లేదు. రేపు పొద్దున్నే వెళ్తాను.